రోగి పక్కన నిలబడే అర్హత

జబ్బుపడిన మనిషికి సేవ చేయడానికి ప్రభుత్వ అనుమతి ఎందుకు? దాహం వేసినవాడికి నీళ్లివ్వడానికి ఎవరూ లైసెన్స్ అడగరు. దారిలో పడిపోయిన ముసలామెను లేపడానికి సర్టిఫికెట్ అక్కర్లేదు. కానీ ఊళ్లో పసిపిల్లకు టీకా వేసే నర్సమ్మ పేరు మాత్రం రాష్ట్ర నర్సుల కౌన్సిల్ రిజిస్టరులో ఉండి తీరాలని చట్టం పట్టుబడుతుంది. కరుణకు కాగితం అవసరమా అన్నది మన ముందున్న ప్రశ్న.

ఈ ప్రశ్నకు రెండు తేలిక సమాధానాలు వినిపిస్తుంటాయి. మనసుంటే చాలు, కాగితం దేనికని కొందరంటారు. కాగితం ఉంటే చాలు, మనసు గురించి ఎవరడుగుతారని ఇంకొందరు అంటారు. మొదటి మాట వినడానికి మంచిగా ఉంటుంది, రెండోది లోకం తీరులా ఉంటుంది. ఈ రెండింటి వల్లా నష్టపోయేది రోగే. ధమ్మాన్ని ప్రజ్ఞ, కరుణ అనే రెండు కాళ్ల మీద నిలబెట్టిన సంప్రదాయం మనది. అందుకే ఈ విషయం మనం కాస్త నిదానంగా ఆలోచించాలి.

పేర్లు వేరైనా ఈ పని లోకమంతటా ఉంది. పూర్తిస్థాయి నర్సు కంటే తక్కువ కాలం చదివి, రోగి శరీరానికి ఎక్కువ దగ్గరగా పనిచేసే నర్సును అమెరికాలో లైసెన్స్‌డ్ ప్రాక్టికల్ నర్సు అంటారు. మన దేశంలో ఆ మెట్టు మీద ఉన్నది ఏఎన్ఎం, అంటే ఆగ్జిలరీ నర్స్ మిడ్‌వైఫ్. ఆగ్జిలరీ అంటే సహాయకురాలు. ఊళ్లో ఆమెను సహాయకురాలని ఎవరూ అనరు, నర్సమ్మ అనే పిలుస్తారు. మైదాన ప్రాంతంలో 5,000 మందికి, కొండ, గిరిజన ప్రాంతాల్లో 3,000 మందికి ఒక ఆరోగ్య ఉపకేంద్రం ఉండాలన్నది ప్రభుత్వ లెక్క. ఆ ఉపకేంద్రానికి నర్సమ్మే దిక్కు. గర్భిణుల పేర్లు రాసుకోవడం, రక్తపోటు చూడడం, ఐరన్ మాత్రలు ఇవ్వడం, పిల్లలకు టీకాలు వేయడం, కాన్పు తర్వాత ఇంటికెళ్లి తల్లినీ బిడ్డనూ చూడడం, ఇవన్నీ అయ్యాక రిజిస్టర్లు నింపడం ఆమె పని. దేశంలో ఏఎన్ఎంలుగా నమోదైనవారు సుమారు 10 లక్షల మంది. 2021 జనవరి 16న మొదలైన కోవిడ్ టీకా ఆ ఏడాది అక్టోబరు 21 నాటికి 100 కోట్ల డోసులు దాటింది. ఆ సూదులు పట్టిన చేతుల్లో వీరి చేతులు ఎన్నో ఉన్నాయి.

వినయ పిటకం చెప్పిన ఐదు అర్హతలు

మహావగ్గలోని ఒక ఘట్టం మనలో చాలామందికి తెలుసు. బుద్ధుడు ఆనందునితో కలిసి భిక్ఖువుల నివాసాలు చూస్తూ వెళ్తుంటే, విరేచనాలతో నీరసించి తన మలమూత్రాల్లోనే పడి ఉన్న ఒక భిక్ఖువు కనిపించాడు. నిన్ను చూసుకునేవారు లేరా అని అడిగితే లేరన్నాడు. ఎందుకు లేరంటే, నేను తోటి భిక్ఖువులకు ఏమీ చేయలేదు, అందుకే వాళ్లూ నన్ను చూడరన్నాడు. బుద్ధుడు ఆనందునితో నీళ్లు తెప్పించాడు. తాను నీళ్లు పోస్తుంటే ఆనందుడు అతని ఒళ్లు కడిగాడు. ఒకరు తలవైపు, ఒకరు కాళ్లవైపు పట్టుకుని మంచం మీద పడుకోబెట్టారు. తర్వాత సంఘాన్ని పిలిచి, మీకిక్కడ తల్లీ తండ్రీ లేరు, మీరు ఒకరినొకరు చూసుకోకపోతే ఇంకెవరు చూస్తారని అడిగాడు. తనకు సేవ చేయాలనుకునేవారు రోగికి సేవ చేయాలని చెప్పాడు. బాబాసాహెబ్ అంబేడ్కర్ తన చివరి గ్రంథంలో ఈ ఘట్టానికి చోటిచ్చారు.

దీన్ని మనం సాధారణంగా ఇక్కడితో ఆపేస్తాం. అసలు విషయం ఆ తర్వాత ఉంది. రోగిని చూడడం ఎవరి బాధ్యతో బుద్ధుడు వరుసగా నియమం పెట్టాడు. ఉపాధ్యాయుడుంటే ఆయన చూడాలి, శిష్యుడుంటే శిష్యుడు చూడాలి, ఎవరూ లేకపోతే సంఘమంతా చూడాలి. చూడకపోతే అది దోషం. అంటే సేవను ఇష్టమున్నవారు చేసే పుణ్యకార్యంగా వదిలేయకుండా సంఘం నెరవేర్చవలసిన విధిగా మార్చాడు.

అంతటితో ఆగకుండా, రోగికి సేవ చేయడానికి ఎవరు తగినవారు, ఎవరు తగనివారు అన్న ప్రశ్న కూడా వేసి ఐదు లక్షణాలు చెప్పాడు. ఒకటి, మందు తయారు చేసి ఇవ్వగలగాలి. రెండు, రోగికి ఏది పడుతుందో, ఏది పడదో తెలిసి ఉండాలి. మూడు, లాభం కోసం కాకుండా మైత్రితో చేయాలి. నాలుగు, మలం, మూత్రం, ఉమ్మి, వాంతి ఎత్తిపోయడానికి అసహ్యపడకూడదు. ఐదు, సమయానికి తగిన ధమ్మపు మాటతో రోగికి ధైర్యం చెప్పగలగాలి.

మొదటి రెండూ తెలివికి సంబంధించినవి, తర్వాతి రెండూ మనసుకు, చివరిది మాటకు. పుట్టుక ప్రస్తావన ఐదింటిలో ఎక్కడా లేదు. ఇంకో సంగతి కూడా గమనించాలి. మందు తెలిసినవాడు ఒకడు, మలం ఎత్తేవాడు ఇంకొకడు అని బుద్ధుడు విడదీయలేదు. ఆ రెండు పనులూ ఒకే మనిషిలో ఉండాలన్నాడు. కరుణ మాత్రమే చాలునని ఆయన అనుకుని ఉంటే మైత్రి ఒక్కటే చెప్పి ఊరుకునేవాడు. జాబితాలో మొదట నిలిచింది మందు సంగతి తెలియడం.

పుట్టుకే లైసెన్సుగా ఉన్న కాలం

మన ఊళ్లలో రోగి పక్కన, బాలింత పక్కన ఎవరు నిలబడాలో చాలాకాలం కులమే నిర్ణయించింది. కాన్పు చేసేది మంత్రసాని. ఊరిని బట్టి ఆమె మంగలి స్త్రీ, లేదా మాల, మాదిగ స్త్రీ. బిడ్డను బయటికి తీసేది ఆమె, బొడ్డు కోసేది ఆమె, మాయ పాతిపెట్టేది ఆమె. పురిటి మైల అంతా ఆమె చేతికే అంటేది. బిడ్డకు స్నానం చేయించి మైల తీరిందనుకున్నాక అదే చెయ్యి ఆ ఇంటి నీళ్లకుండ ముట్టుకోకూడదు. ప్రతిఫలంగా దక్కేది కాసిని గింజలు, ఓ పాత చీర. ఆమెకు తెలిసిన విద్యను విద్య అని ఎవరూ అనలేదు. పని ఎలా పుట్టుకతో వచ్చిందో, అవమానమూ అలాగే వచ్చింది.

ఆ గీతను దాటి వచ్చినవారిలో సావిత్రీబాయి ఫూలే ఒకరు. 1897లో పూనా ప్రాంతంలో ప్లేగు చెలరేగినప్పుడు ఆమె పెంపుడు కొడుకు, డాక్టరు యశ్వంత్ ఊరి బయట వైద్యశిబిరం నడిపాడు. సావిత్రీబాయి రోగులను అక్కడికి చేర్చి సేవ చేశారు. మహర్ వాడకు చెందిన ఒక జబ్బుపడిన పిల్లవాడిని ఎత్తుకొచ్చిన తర్వాత ఆమెకూ ప్లేగు సోకి ఆ ఏడాది మార్చి 10న మరణించారు. ఆమె దగ్గర ఏ నర్సింగ్ సర్టిఫికెట్టూ లేదు. ప్లేగు సోకిన ఆ బిడ్డను అంటుకోవడానికి మాత్రం ఆమె వెనుకాడలేదు. బుద్ధుడు చెప్పిన మూడు, నాలుగు లక్షణాలు అక్కడ సంపూర్ణంగా ఉన్నాయి.

తెలుగునాట ఈ పని చదువుగా మారడం మిషన్ ఆసుపత్రుల్లో మొదలైంది. గుంటూరులో డాక్టరు అన్నా కుగ్లర్ 1898లో తెరిచిన ఆసుపత్రి వాటిలో పేరున్నది. ఒంటిని ముట్టుకోవడం, రాత్రిపూట డ్యూటీ చేయడం తక్కువతనమని ఎంచి పైకులాల కుటుంబాలు ఆడపిల్లలను ఈ పనికి పంపడానికి వెనకాడిన రోజులవి. నర్సింగ్ బడుల్లో చేరినవారు ఎక్కువగా క్రైస్తవ కుటుంబాల పిల్లలు. ఆ కుటుంబాల్లో అనేకం దళితవాడలవే. 1926లో మద్రాసు ప్రెసిడెన్సీలో నర్సుల, మంత్రసానుల చట్టం వచ్చింది. ఆంధ్ర జిల్లాలు అప్పుడు అందులోనే ఉన్నాయి. 1947లో జాతీయ స్థాయిలో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం చేశారు. దాని స్థానంలో తేవడానికి 2023లో పార్లమెంటు కొత్త చట్టం చేసింది.

రిజిస్టరు అనే ఆ పుస్తకం చేసిన పనేమిటో మనం సరిగా గుర్తించాలి. ఎవరి కడుపున పుట్టావని అది అడగదు. ఏం చదివావు, ఎక్కడ నేర్చుకున్నావు, ఏ పరీక్ష పాసయ్యావు అని అడుగుతుంది. మనిషి నీచుడయ్యేదీ, ఉన్నతుడయ్యేదీ చేసే పనిని బట్టే గానీ పుట్టుకను బట్టి కాదని బుద్ధుడు వసల సుత్తంలో చెప్పాడు. రిజిస్టరు అదే సూత్రాన్ని ప్రభుత్వ భాషలో రాసుకుంది. అయినా స్వాతంత్ర్యం వచ్చే నాటికి ఆ పుస్తకంలోని పేర్లు చాలా కొద్ది. 43,000 మందికి ఒక్క నర్సు ఉన్నట్టు 1946 నాటి భోర్ కమిటీ లెక్క తేల్చింది. ఆ లోటు పూడ్చడానికే 1950ల ఆరంభంలో ఏఎన్ఎం చదువు మొదలైంది. 1973లో కర్తార్ సింగ్ కమిటీ ఆమెను బహుళ పనుల ఆరోగ్య కార్యకర్తగా మార్చమంది. ఇప్పుడది ఇంటర్ తర్వాత రెండేళ్ల కోర్సు.

కరుణ కంటికి కనిపించనిది

ఇంతకూ ఆ రెండేళ్లలో ఏం నేర్పుతారు? ఒక్క ఉదాహరణ చాలు. తట్టు, రుబెల్లా టీకా సీసాలో పొడిగా ఉంటుంది. దానితోపాటు వచ్చిన ద్రావణాన్నే కలిపి వేయాలి. కలిపాక నాలుగు గంటల్లో వాడాలి, మిగిలింది పారేయాలి. ఆ గడువు దాటిన సీసాలో స్టెఫిలోకాకస్ సూక్ష్మక్రిములు పెరిగితే వాటి విషం పసిబిడ్డను కొన్ని గంటల్లో చంపగలదు. గడువు దాటిన మందుకు రంగు మారదు, వాసన రాదు. అది చూడడానికి మంచి మందులాగే ఉంటుంది.

ఇప్పుడొక ఊరిని ఊహించుకోండి. టీకాలు అయిపోయాయి, సాయంత్రమైంది. కూలిపని ముగించుకుని మూడు మైళ్లు నడిచి ఒక తల్లి బిడ్డతో వచ్చింది. సీసాలో ఇంకా మందుంది. జాలిపడితే చెయ్యి ఆ సీసా వైపే పోతుంది. నేర్చుకున్న నర్సమ్మ మాత్రం సీసా మీద రాసుకున్న గంట చూసుకుంటుంది. ఇవాళ వద్దమ్మా, ఫలానా రోజు ఫలానా చోట వేస్తాను, నేనే కబురు చేస్తానని చెప్పి పంపుతుంది. ఆ తల్లి నొచ్చుకోవచ్చు, చుట్టూ ఉన్నవారు నర్సమ్మకు జాలి లేదనుకోవచ్చు. ఆ పూట బిడ్డ మీద నిజమైన కరుణ చూపింది ఆ కాదనడమే. టీకాలను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచడం, సీసా మీది గుర్తులో లోపలి చదరం రంగు బయటి వలయం రంగుతో సమానమైతే పారేయడం, వేశాక అరగంట కూర్చోబెట్టడం వంటి నియమాలన్నీ ఈ కోవలోవే. ఏది పడుతుందో, ఏది పడదో తెలియాలన్న రెండో లక్షణం ఈ కాలంలో తీసుకున్న రూపం ఇది.

నర్సుకు పని తెలుసో లేదో రోగి పరీక్షించలేడు. జ్వరంతో ఉన్నవాడు, నొప్పులు పడుతున్న తల్లి, నెలల బిడ్డ ఎలా పరీక్షిస్తారు? వారి తరఫున సమాజం ముందుగానే పరీక్ష పెట్టి, ఈమెను నమ్మవచ్చని రాసి ఇచ్చే మాటే లైసెన్స్. తప్పుచేస్తే పేరు కొట్టేయగల చోటు ఒకటి ఉందన్న పూచీ కూడా అందులో ఉంది. కాబట్టి లైసెన్సును ఉద్యోగానికి పనికొచ్చే కాగితంగా మాత్రమే చూడకూడదు. అది రోగికి ఇచ్చిన మాట.

ఈ కారణంగానే తరగతికి రాకుండా హాజరు కొనుక్కోవడం, మంచాలు లేని ఆసుపత్రిని చూపించి కాలేజీ నడపడం, ఒక్క కాన్పు కూడా చూడకుండా చూసినట్టు రికార్డు రాయడం చిన్న తప్పులు కావు. అబద్ధమాడనన్న నాలుగో శీలాన్ని మీరిన ఆ అబద్ధానికి మూల్యం చెల్లించేది ఎప్పుడో, ఎక్కడో, ముఖం తెలియని ఒక బాలింత.

గీత ఎవరి కోసం గీయాలి

లైసెన్స్ ఏం చేయవచ్చో చెబుతుంది, ఏం చేయకూడదో కూడా చెబుతుంది. ఆ రెండో భాగంలోనే ఒక చిక్కు ఉంది. కాన్పు తర్వాత రక్తస్రావం మన దేశంలో తల్లుల మరణాలకు పెద్ద కారణం. బిడ్డ పుట్టిన వెంటనే 10 యూనిట్ల ఆక్సిటోసిన్ సూది కండకు వేస్తే ఆ ముప్పు బాగా తగ్గుతుంది. గుర్రపువాతం వచ్చి తల్లి కొట్టుకుంటుంటే మెగ్నీషియం సల్ఫేట్ 5 గ్రాముల చొప్పున రెండు పిరుదులకూ వేసి ఆసుపత్రికి పంపితే ప్రాణం దక్కే అవకాశం పెరుగుతుంది. చాలాకాలం ఈ మందులు నర్సమ్మ పరిధిలో లేవు. తల్లి పక్కన ఉండేది ఆమె, సూది వేయడం వచ్చినదీ ఆమె. అనుమతి మాత్రం మైళ్ల దూరంలో ఉన్న డాక్టరుది. 2005 ప్రాంతంలో కేంద్ర ప్రభుత్వం శిక్షణ పొందిన ఏఎన్ఎంలు ఈ మందులను నిర్దిష్ట సందర్భాల్లో వాడడానికి వీలు కల్పించింది.

అంతకుముందు ఆ గీత ఎవరిని కాపాడింది? తెలియని చేతుల నుంచి తల్లిని కాపాడడానికి గీసి ఉంటే అది మంచి గీత. నేర్పితే నేర్చుకోగల చేతికి నేర్పకుండా, పైమెట్టు వారి అధికారం తగ్గకుండా ఉంచడానికి గీసి ఉంటే ఆ గీత అన్యాయం. గీత ఒకటే అయినా దాని వెనుక ఉద్దేశాలు రెండు ఉండవచ్చు. వాటిని విడదీసి చూపే ప్రశ్న ఒక్కటే, దీనివల్ల రోగికి ఏం మేలు? ఈ ప్రశ్నకు జవాబు దొరకని ప్రతి నిబంధననూ మనం అనుమానించాలి.

నిచ్చెన మెట్లు

ప్రాక్టికల్ నర్సు అనే మెట్టు చట్టంలోకి ఎక్కిన చరిత్ర అమెరికాలో స్పష్టంగా కనిపిస్తుంది. 1938లో న్యూయార్క్ రాష్ట్రం డబ్బు తీసుకుని నర్సింగ్ చేసే వారందరికీ లైసెన్స్ తప్పనిసరి చేస్తూ చట్టం చేసింది. అందులో రిజిస్టర్డ్ నర్సు, ప్రాక్టికల్ నర్సు అని రెండు మెట్లు పెట్టింది. రోగుల రక్షణే దాని లక్ష్యం. అయితే లైసెన్స్ వచ్చినంత మాత్రాన పుట్టుక అడ్డు తొలగిపోలేదని ఆ దేశ చరిత్రే చెబుతుంది. చదువు పూర్తిచేసి రిజిస్టరులో పేరున్న నల్లజాతి నర్సులను కూడా దక్షిణాది రాష్ట్రాల నర్సుల సంఘాలు చేర్చుకోలేదు. వారు 1908లో సొంత జాతీయ సంఘం పెట్టుకుని దశాబ్దాలు పోరాడారు. 1951లో గానీ ఆ సంఘం అమెరికన్ నర్సుల సంఘంలో కలవలేదు. కాగితం మీద సమానత్వం వచ్చాక కూడా పక్కన కూర్చోనివ్వని మనుషుల గురించి మనకు వేరే చెప్పనక్కర్లేదు.

మన ఆసుపత్రి వార్డులోకి ఒకసారి తొంగి చూద్దాం. పైన డాక్టరు, ఆ కింద డిగ్రీ నర్సు, ఆ కింద జీఎన్ఎం, ఆ కింద ఏఎన్ఎం, వీరందరి కింద ఏ రిజిస్టరులోనూ పేరులేని ఆయమ్మ, వార్డుబాయ్. పై మెట్టు ఎక్కేకొద్దీ రోగి ఒంటికి దూరం పెరుగుతుంది. బెడ్‌ప్యాన్ అందించేది, వాంతి తుడిచేది, తడిసిన దుప్పటి మార్చేది చాలాచోట్ల కాంట్రాక్టు కంపెనీ పంపిన ఆయమ్మే. ఆమె ఏ వాడ నుంచి వచ్చిందో అడగకుండానే ఊహించగల స్థితి మన దేశంలో ఇంకా ఉంది. బాబాసాహెబ్ కులవ్యవస్థను మెట్ల అసమానత అన్నారు. ప్రతి మెట్టూ పైదానికి తల వంచుతుంది, కింది దానిని చూసి తృప్తి పడుతుంది. అందువల్ల అందరూ కలిసి నిచ్చెనను ప్రశ్నించరు. డిగ్రీ నర్సు ఏఎన్ఎంను నర్సే కాదన్నప్పుడు, ఏఎన్ఎం ఆయమ్మను ఏయ్ అని పిలిచినప్పుడు ఆ తర్కమే తెల్లకోటు వేసుకుని వార్డులో తిరుగుతుంది.

ఇక్కడ ఒక అభ్యంతరాన్ని గౌరవంగా వినాలి. తెలివిలో తేడాలుంటాయి కదా, నాలుగేళ్లు చదివినవారిని, రెండేళ్లు చదివినవారిని ఒకే గాటన కడితే రోగికే నష్టం కదా అని అడుగుతారు. నిజమే. విద్యలో మెట్లు ఉండాలి. ప్రాణాపాయంలో ఉన్న రోగి దగ్గర ఎక్కువ నేర్చుకున్నవారే బాధ్యత తీసుకోవాలి. అయితే విద్యలో మెట్లకూ కులంలో మెట్లకూ తేడా చెప్పే గుర్తులు రెండున్నాయి. మొదటిది, కింది మెట్టు మీద ఉన్నవారికి పైకి ఎక్కే దారి తెరిచి ఉందా? రిజిస్టరైన ఏఎన్ఎం జీఎన్ఎంలో చేరవచ్చు, శిక్షణ తీసుకుని హెల్త్ విజిటర్ కావచ్చు. కాగితం మీద దారి ఉంది. సెలవు, ఫీజు, ఇంట్లో పిల్లలను చూసేవారు లేకపోతే ఆ దారి గోడతో సమానం. ఆయమ్మకైతే కాగితం మీద కూడా దారి సరిగా లేదు. రెండోది, మురికి పని ఏ ఒక్క మెట్టుకో శాశ్వతంగా అంటగట్టారా? అంటగడితే అది కులమే, పేరు ఏదైనా సరే. బుద్ధుడు నీళ్లు పోస్తే ఆనందుడు కడిగాడు. పనులు పంచుకున్నారు గానీ, గురువు కాబట్టి ఆ గదిలోకి రాకూడదని ఎవరూ అనుకోలేదు.

సేవ చేసినవారి వాటా

మైత్రితో చేయాలి, లాభం కోసం కాదు అన్న మూడో లక్షణాన్ని నేడు ఎక్కువగా వల్లించేది జీతాలిచ్చేవారు. మీది ఉద్యోగం కాదమ్మా, సేవ అంటారు. సేవ అన్న మాట వినగానే జీతం తగ్గుతుంది, డ్యూటీ గంటలు పెరుగుతాయి. బుద్ధుని మాటకు ఇది అర్థమేనా?

జవాబు మహావగ్గలోనే, అదే భాగంలో ఉంది. ఒక భిక్ఖువు చనిపోతే అతని చీవరాలు, భిక్షాపాత్ర సంఘానివి. అయినా రోగికి సేవచేసినవారు ఎంతో చేశారు కాబట్టి వాటిని వారికే ఇవ్వాలని బుద్ధుడు అనుమతించాడు. భిక్ఖువుకు ఉన్న ఆస్తే అది. అంటే సేవ వెనుక ఉండాల్సిన ఉద్దేశం వేరు, సేవ చేసినవారికి సంఘం మీద ఉన్న హక్కు వేరు. మైత్రి అన్నది చేసేవారి మనసుకు పెట్టిన నియమం. వాటా అన్నది చేయించుకున్న సమాజానికి పెట్టిన నియమం. మొదటిదాన్ని చూపి రెండోదాన్ని ఎగ్గొట్టే అధికారం ఎవరికీ లేదు.

అక్కడే ఇంకో సందర్భం వస్తుంది. ఒక భిక్ఖువు, ఇంకా భిక్ఖువు కాని ఒక సామణేరుడు కలిసి ఒక రోగికి సేవ చేశారు. రోగి చనిపోయాడు. చిన్నవాడికి వాటా ఎంత అన్న ప్రశ్న పుట్టింది. సామణేరుడు అంటే సంఘంలో కింది మెట్టు. బుద్ధుడు అతనికి సమాన వాటా ఇమ్మన్నాడు. రోగి పక్కన చేసిన పనిని ఆయన హోదాతో తూచలేదు.

ఈ మాట మన ఉపకేంద్రాల దాకా రావాలి. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ మొదలయ్యాక రెండో ఏఎన్ఎంను కాంట్రాక్టు మీద పెట్టే ఏర్పాటు వచ్చింది. ఒకే ఉపకేంద్రంలో, ఒకే టీకా డబ్బాతో ఇద్దరు నర్సమ్మలు తిరుగుతారు. చదువు ఒకటే, రిజిస్టరు ఒకటే, ఎండ ఒకటే. జీతాలు మాత్రం వేరు, ఒకరికి భద్రత ఉంది, ఇంకొకరికి లేదు. తమను క్రమబద్ధీకరించాలని తెలంగాణలో రెండో ఏఎన్ఎంలు 2023లో సమ్మెకు దిగారు. రాజ్యాంగం 39వ అధికరణంలో సమాన పనికి సమాన వేతనం ఆదేశిక సూత్రంగా ఉంది. అదే పని చేసే తాత్కాలిక ఉద్యోగులకు రెగ్యులర్ స్కేలులోని కనీస వేతనం ఇవ్వాలని 2016లో సుప్రీంకోర్టు పంజాబ్ రాష్ట్రానికి సంబంధించిన జగ్జీత్ సింగ్ కేసులో తీర్పు చెప్పింది. సామణేరుడికి సమాన వాటా అన్న నియమం తెలిసిన మనకు ఈ తీర్పులో కొత్త నీతి ఏదీ కనిపించదు, పాత నీతి ఇంకా అమలు కాకపోవడమే కనిపిస్తుంది.

మనం చేయగలిగింది

లైసెన్స్ మొదటి రెండు లక్షణాలను పరీక్షించగలదు. మైత్రిని, అసహ్యపడకపోవడాన్ని, ధైర్యం చెప్పే మాటను ఏ పరీక్షా హాలులోనూ కొలవలేరు. అవి పనిచేసే చోట రోజూ రుజువు కావాలి. ఆ చోటు ఎలా ఉండాలో నిర్ణయించడంలో మనకూ భాగముంది.

ఇంట్లో మంచం పట్టిన పెద్దవారికి ఏజెన్సీ నుంచి కేర్‌టేకర్‌ను పిలిచేటప్పుడు, సూది, సెలైన్ పని ఉంటే రిజిస్ట్రేషన్ నంబరు అడుగుదాం. అడగడం అవమానించడం కాదు, నేర్చుకున్నవారి విలువను గుర్తించడమే. సూది పని తెలియని అమ్మాయి చేత సూది వేయించి, తర్వాత నేరం ఆమె మీద వేయడం అన్యాయం. అదే ఇంట్లో ఆమెకు వేరే గ్లాసు పెట్టడం అంతకంటే పెద్ద అన్యాయం. మన అమ్మ మలం ఎత్తిన చేతికి మన గ్లాసు ఇవ్వలేకపోతే పురిటి మైల మన ఇంట్లో ఇంకా కాపురం ఉన్నట్టే.

మన వాడల్లో ఏఎన్ఎం చదివిన అమ్మాయిలు ఎందరో ఉన్నారు. కోర్సు అయ్యాక కౌన్సిల్‌లో నమోదు చేయించుకోవడం, జీఎన్ఎంకు వెళ్లడం వారికి ఒంటరి పోరాటం కాకూడదు. విహారాలు, అంబేడ్కర్ యువజన సంఘాలు దరఖాస్తు నింపడంలో, ఫీజులో, పుస్తకాల్లో తోడుంటే అది ధమ్మకార్యమే. ఆసుపత్రుల్లో ఏళ్ల తరబడి పనిచేస్తున్న ఆయమ్మలకు చేసిన పనిని లెక్కలోకి తీసుకునే శిక్షణ, పరీక్ష, సర్టిఫికెట్ కావాలని మనం గట్టిగా అడగాలి. నిచ్చెన ఉండక తప్పదంటే దాని అడుగు మెట్టు నేలను తాకి ఉండాలి.

కాగితం కావాలి, ఎందుకంటే రోగి ప్రాణం మన మంచి ఉద్దేశాల కంటే విలువైనది. ఆ కాగితం ఇచ్చే తలుపు ఏ వాడ నుంచి వచ్చినవారికైనా తెరిచి ఉండాలి, ఎందుకంటే ఆ అర్హత నేర్చుకుంటే వచ్చేది. ఆ తలుపు దాటి వచ్చినవారికి పని పంచినంత సమానంగా వాటా కూడా పంచాలి. ఊరి చివర ఉపకేంద్రంలో సాయంత్రం సీసా మీది గంట చూసి, కాదని చెప్పి, మర్నాడు ఆ బిడ్డ ఇంటికి కబురు పంపే నర్సమ్మకు మనం బాకీ ఉన్నది దండం కాదు, ఆ వాటా.